మా మనవరాలి ఎం.టెక్. నేనే ఎంచాను

మన్సూరాబాద్‌లో, మా కాలనీలో, ఎవరి పిల్లలు ఎం.టెక్. చేయాలన్నా ముందు నా సలహా తీసుకుంటారు. ఏ బ్రాంచి మంచిది, ఏ కాలేజీ మంచిది, దేని తర్వాత ఏది పెట్టాలి, అన్నీ నేనే చెబుతాను. ముప్పయ్యారేళ్లు కరెంటు డిపార్ట్‌మెంటులో ఇంజనీరుగా చేసినవాణ్ణి మరి. ఎల్.బి.నగర్‌లో ఇవాళ వెలుగుతున్న దీపాల్లో సగం నా చేతి మీదుగా వెలిగినవే.

ఇక్కడ కొంచెం సర్దుకోవాలి. ఇంజనీరు అన్నాను గదా, అది లైన్ ఇన్‌స్పెక్టర్. అదీ చివరి నాలుగేళ్లు. అంతకుముందు లైన్‌మన్. దానికీ ముందు, నల్లగొండ దిక్కు నుంచి బతకడానికి వచ్చిన కొత్తల్లో, స్తంభాలు మోసే హెల్పర్. సగం దీపాలన్నది నాలుగు వీధులనుకోండి. ఇక కాలనీలో అందరూ సలహా అడుగుతారన్నాను. ఒక్కరే అడిగారు, మా మనవరాలు. నిజానికి ఆమె కూడా అడగలేదు, నేనే చెప్పాను.

మా మనవరాలంటే నా కొడుకు కూతురు. అందరం ఒక్క ఇంట్లోనే ఉంటాం. హయత్‌నగర్ అవతల ఒక కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆమె ఆ కోర్సులో చేరిన రోజు కాలనీ అంతా లడ్డూలు పంచాను, మా ఇంట్లో కరెంటు పోలేదని. చదువయ్యాక ఖాళీగా కూర్చోకుండా సైదాబాద్‌లో బ్యాటరీ స్కూటర్లు బాగుచేసే షాపులో పనికి కుదిరింది. పొద్దున పోయి సాయంత్రం వచ్చేది, వేళ్ల కొసలు సోల్డరింగ్‌కు కాల్చుకొని. అన్నం తింటూ షాపు ముచ్చట్లు చెప్పేది. స్కూటర్‌లో బ్యాటరీ బాగుంటుందట, మోటారు బాగుంటుందట, ఆ రెంటి మధ్య కంట్రోలర్ అనే డబ్బా ఒకటి కాలిపోతుందట. దాన్ని విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదట. తీసి పారేసి కొత్తది బిగిస్తారట.

"గది ఎందుకు కాలుతుందో నాకు తెల్వాలె తాతా," అనేది.

ఆ డబ్బా గుట్టు చెప్పే చదువు పేరు పవర్ ఎలక్ట్రానిక్స్.

ఎం.టెక్. ప్రవేశ పరీక్ష రాసింది. ర్యాంకు వచ్చింది. మరీ చాటింపు వేసేంత గొప్పదీ కాదు, దాచుకునేంత చెడ్డదీ కాదు. ఆ ర్యాంకుకు రెండు దారులు కనిపించాయి. ఒకటి వరంగల్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్, హాస్టల్లో ఉండాలి. రెండోది పవర్ సిస్టమ్స్, ఎల్.బి.నగర్ నుంచి ఒక్క బస్సులో పోయి వచ్చే కాలేజీలో. పవర్ సిస్టమ్స్ అంటే సబ్‌స్టేషన్లు, టవర్లు, ఊళ్లు దాటి పోయే పెద్ద లైన్లు. అంటే నా లోకం.

"పవర్ సిస్టమ్స్ తీస్కో బిడ్డా. దేశమున్నన్ని రోజులు తీగలుంటయ్," అన్నాను.

"తీగలుంటయ్ తాతా. నౌకర్లేవి?"

"మీ తాతకు రాలేదా?"

"నీకు స్తంభాలు మోసే నౌకరి వచ్చింది."

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. ఆమె నవ్వు ఎప్పుడూ అవతలి పక్షానికే.

ఇంతలో పేపరు కోసం ఎదురింటాయన వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్. రెండు దారుల మధ్య తగువు చూసి మూడో దారి తెరిచాడు.

"రెండూ వద్దండీ. వి.ఎల్.ఎస్.ఐ. పెట్టించండి. చిప్పులండీ, చిప్పులు! రేపు ప్రపంచమంతా వాటి మీదే నడుస్తుంది."

"మొన్న సోలార్ మీద నడుస్తదన్నరు గద సార్?" అన్నాను.

"అది మొన్నండీ."

మనవరాలు పళ్లెంలోంచి తల ఎత్తకుండానే, "చిప్పు చేసుడు వేరేటోళ్లు చేస్తరు సార్. అది కాలినంక ఏమైతదో నాకు గది కావాలె," అంది. ఆయన పేపరు మడిచి చంకన పెట్టుకొని, "పిల్లకు స్పష్టత ఉందండీ, ఇబ్బంది మీతోనే," అని వెళ్లిపోయాడు. పేపరు కూడా వెళ్లిపోయింది.

ఈ సీట్ల పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కౌన్సెలింగ్ అంటే ఎవరో పెద్దమనిషి ఎదురుగా కూర్చోబెట్టుకొని మంచీ చెడూ మాట్లాడతాడనుకునేవాణ్ణి. అదేం లేదు. కంప్యూటర్‌లో మనకు కావలసిన సీట్లు వరసగా పెట్టాలి. ఒకటో నంబరు దొరికితే రెండోదాని మొహం కూడా చూడరు. అంటే ఆ వరసే తలరాత. అంతా పెట్టాక ఫ్రీజ్ అని ఒకటి నొక్కాలి. గడువు చివరి రోజున అది నొక్కితే ఇక బ్రహ్మ వచ్చినా కదలదు.

మా మనవరాలు చివరి రోజు దాకా ఆగింది. ఆగిందంటే, నేను రోజూ సాయంత్రం తీగల మహాత్మ్యం చెబుతుంటే తగువు తెగక ఆగింది. ఆ రోజు పొద్దున ఆమె ఫోన్‌లో ఆ సైటు తెరుచుకోలేదు. షాపులో ఐదు స్కూటర్లు విప్పి పెట్టి ఉన్నాయి, సెలవు లేదు. ఒక కాగితం మీద రాసిచ్చింది. ఒకటి వరంగల్, రెండు ఇక్కడిది. కింద లాగిన్ వివరాలు.

"దిల్‌సుఖ్‌నగర్‌ల నెట్ సెంటర్ అక్క నాకు తెల్సు. గీ కాగితం ఆమెకియ్యి తాతా, అంతా ఆమె చూసుకుంటది. నువ్వేం చెప్పకు."

"నేనేం చెప్త?"

"గదే. చెప్పకు."

ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి బుద్ధిగానే కూర్చున్నాను. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటేసరికి కాగితం బయటికి వచ్చింది. చైతన్యపురి వచ్చేసరికి దాన్ని వేరే కాగితం మీద నా గుండ్రటి దస్తూరీతో తిరగరాశాను. ఒకటి ఇక్కడిది, రెండు వరంగల్. పిల్ల రాత గజిబిజిగా ఉంది, నెట్ సెంటర్ ఆవిడ పరేషాన్ అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పవర్ సిస్టమ్స్ మీద ప్రేమతో చేశాననుకునేరు. కాదు. సాయంత్రం ఆమె రాగానే, "ఇయ్యాల ఏం కాలింది?" అని అడిగేవాణ్ణి. ఆమె నాకు అర్థమయ్యేదాకా చెప్పేది. ఆ తర్వాత వంతు నాది. గాలివానలో తీగలు తెగిన కథ, ట్రాన్స్‌ఫార్మర్ మీద కోతి కథ. మా ఇంట్లో వాటికి ఆమె ఒక్కతే శ్రోత. కొడుకు ఫోన్ చూస్తుంటాడు. మా ఆవిడకు అన్నీ కంఠస్థం, పైగా కోతులు ఎన్నో లెక్క తప్పితే పట్టుకుంటుంది. పిల్ల వరంగల్ పోతే నేనెవరికి చెప్పుకోవాలి? ఆ దిగులుకు పవర్ సిస్టమ్స్ అని పేరు పెట్టాను.

నెట్ సెంటర్ కోచింగ్ బోర్డుల మధ్య, మేడ మీద ఉంది. ఆవిడ నా కాగితం చూసి కళ్లద్దాలు పైకి నెట్టుకుంది.

"పవర్ సిస్టమ్స్ ఫస్టా?"

"ఫస్టే."

"మొన్న ఒచ్చినప్పుడు వరంగల్ వరంగల్ అన్నది గదా పిల్ల?"

"మొన్న అన్నది. పవర్ సిస్టమ్సే పక్కా. ముప్పయ్యారేండ్లు గా పనే చేసిన నేను."

"సదివేది నువ్వా, ఆమెనా?" అని ఆవిడ వేళ్లు కీబోర్డు మీద నుంచి తీసేసింది. "ఫ్రీజ్ కొడితే మల్ల నా చేతుల ఉండదు పెద్దాయనా. జర కిందికి పోయి చాయ్ తాగి రా. ఆలోచించుకో."

కిందికి దిగి చాయ్ చెప్పాను. అది తాగుతుంటే లైన్ క్లియర్ గుర్తుకొచ్చింది.

మా పనిలో అదొక కట్టుబాటు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ లైనులో కరెంటు తీయించాలి. తీశాక వాళ్లు పుస్తకంలో మన పేరు రాసుకుంటారు. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటాం. మళ్లీ కరెంటు వదలాలంటే, ఎవరి పేరు రాశారో ఆ మనిషే చెప్పాలి. పెద్ద ఇంజనీరు చెప్పినా వదలరు. ఒకసారి నేను స్తంభం మీద ఉండగా కింద పెళ్లివాళ్లు ఓపిక పట్టలేక, "పనైపోయింది, కరెంటియ్యి," అని సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశారు. నా చేయి ఇంకా తీగ మీదే ఉంది. అవతలి ఆపరేటర్, "ఎక్కినోని గొంతు ఇనిపియ్యి, అప్పుడిస్త," అని ఫోన్ పెట్టేశాడు. ఆ ఒక్క మాట వల్లే ఇవాళ కూర్చొని ఇన్ని అబద్ధాలు రాయగలుగుతున్నాను. అప్పటికి పని ఎప్పుడో అయిపోయిందన్నది కూడా నిజమే. పైనుంచి పెళ్లివంటలు బాగా కనిపిస్తుంటే దిగబుద్ధి కాలేదు.

గ్లాసు పట్టుకొని ఆలోచించాను. ఇవాళ స్తంభం మీద ఉన్నది నా మనవరాలు. కింద నిలబడి కరెంటియ్యమని తొందరపెడుతున్నది నేను.

చాయ్ సగంలో వదిలేసి, నా మోకాళ్ల సంగతి మరిచి, మెట్లు రెండేసి ఎక్కాను. "ఆగమ్మా! మార్చు! వరంగల్ ఫస్ట్ పెట్టు!" అన్నాను. నెట్ సెంటర్ ఆవిడ కళ్లు చెమర్చాయి. "నీ అసొంటి తాత ఎవరికుంటడు," అంది. ఆ ప్రింటు మడిచి చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకొని ఇంటికొచ్చాను.

కొన్నాళ్లకు సీటు వచ్చింది. వరంగల్, పవర్ ఎలక్ట్రానిక్స్. మళ్లీ లడ్డూలు పంచాను. లడ్డూతో పాటు, ఆ సీటు ఎవరు ఎంచారో కూడా ఇంటింటికీ చెప్పి వచ్చాను.

మొన్న రెండు రోజుల సెలవుకు వచ్చింది. ఒక కాలిపోయిన కంట్రోలర్‌ను కూడా సామానులో తెచ్చుకొని హాల్లో నేల మీద విప్పి కూర్చుంది. ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. ఇక్కడి దాకా వచ్చేసరికి స్క్రూడ్రైవర్ పైకెత్తింది.

"ఆగు తాతా. ఫ్రీజ్ కావాలంటే ఓ.టి.పి. చెప్పాలె. అది ఎవరి ఫోన్‌కు వస్తది?"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

"నాకొచ్చింది. నువ్వు కిందికి దిగంగనే అక్క ఫోన్ చేసింది. మీ తాత ఉల్టా పెట్టమంటుండు, నీకు ఎరుకేనా అన్నది. వరంగల్ ఫస్ట్ పెట్టక్కా అన్న. ఓ.టి.పి. చెప్పిన. నువ్వు పైకొచ్చేటాల్లకు ప్రింట్ గూడ ఒచ్చింది."

"నేను మార్చుమన్నది నిజమే గదనే! మెట్ల మీద ఉరికినగూడ!"

"ఉరకలే. మెల్లగ ఒచ్చి, అయిపోయిందా అమ్మా అని అడిగినవంట. అక్క ఏడ్వలే, నవ్వాపుకున్నది." మళ్లీ డబ్బా మీదికి వంగింది. "నా ఎం.టెక్. నేను ఎంచుకున్న తాతా. నువ్వు చాయ్ తాగినవ్."