పైరగాలికి తిరిగిన రెక్కలు

ఈ ఉదయం తెనాలిలో కరెంటు పోయింది. ఆగిన టేబుల్ ఫ్యాను రెక్కలు కిటికీ గాలికి తమంతట తామే నెమ్మదిగా తిరుగుతుంటే, కాఫీ చల్లారుతున్నా అలాగే చూస్తూ ఉండిపోయాను. రేపల్లె అవతల, సముద్రం ఒడ్డున మా అక్కవాళ్ల డాబా గుర్తొచ్చింది.

మాది చేపల వేట మీద బతికిన కుటుంబం. చిన్నప్పుడు అమ్మ లాంతరుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నాన్న పడవ కోసం ఒడ్డున నిలబడేది. గాలి దాన్ని ఆర్పేసేది. బావదీ వేటే. ముసురులో కాలువ సముద్రంలో కలిసే మొగ కనబడాలంటే ఒడ్డున దీపం ఉండాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే కరెంటు ఉండదు, సోలార్ పలకకు ఎండా ఉండదు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివిన మేనకోడలు ఆ గాలితోనే దీపం వెలిగిస్తానంది. కానీ తుఫాను లేనప్పుడు మన గాలి మహా మెత్తన. కొనితెచ్చి డాబా మీద స్తంభానికి ఎక్కించిన గాలిమర దానికి కదల్లేదు. "కాకులు వాలడానికి కట్టావా ఏంటమ్మా?" అని బావ నవ్వాడు. వానలు మొదలయ్యేలోగా తిరగకపోతే స్తంభం పీకేస్తానని కూడా అన్నాడు.

ఆమె దాన్ని విప్పింది. "లోపల అయస్కాంతాలు ఇనుమును పట్టుకుని వదలట్లేదు మావయ్యా. ఆ పట్టు విడిపించే బలం చిన్నగాలికి లేదు" అని నాకు ఫోనులో చెప్పింది. తీగచుట్టల్లోంచి ఇనుము తీసేసింది. మొదలు దగ్గర వెడల్పుగా, చివర సన్నగా, మెలి తిరిగిన రెక్కలను తేలికపాటి కర్రతో చెక్కింది.

వాటిని పైకెత్తే సాయంత్రం నేనూ వెళ్లాను. పడవ ముక్కుకు కట్టినట్టే, అక్క దిష్టి నిమ్మకాయల దండను ఒక రెక్కకు కట్టేసింది. వేదికలెక్కి దిష్టిని దుమ్మెత్తిపోసినవాణ్ణి, ఊరుకుంటానా? గొంతు సవరించుకున్నాను.

"నువ్వాగరా, ఇది తెనాలి సభ కాదు" అంది అక్క.

మేనకోడలు మా తగువులోకి రాలేదు. "అమ్మా, ఒక్క రెక్కే బరువైతే అది కిందికి దిగి ఆగిపోద్ది. స్తంభానికి కట్టుకో, నీ ఇష్టం."

అక్క గొణుక్కుంటూనే విప్పి స్తంభానికి కట్టింది.

కొబ్బరాకు కదలడం లేదు. బావ పైకి చూడకుండా, మడిచిన వలనే మళ్లీ మడుస్తున్నాడు. నా చెవి వెనక ఏదో చల్లగా తగిలింది, అంతే. పైన ఒక రెక్క కదిలింది. ఆగబోయింది, ఆగలేదు. చెమటైనా సరిగా ఆరబెట్టలేని గాలి, చప్పుడు లేకుండా కర్రనూ అయస్కాంతాలనూ తిప్పుతోంది. ఇందులో మహిమ లేదు, ప్రతి వంపుకూ కారణం ఉంది. ఆ కారణం తెలిసినందుకే నా ఒళ్లు జలదరించింది. కింద చిన్న దీపం వెలిగింది.

"తిరిగిందే!" అన్నాడు బావ.

"నా నిమ్మకాయల చలవే!" అంది అక్క.

స్తంభం మీద జారుతున్న ఆ దండ ముడిని నేనే బిగించాను.

ఆ ఏడాది ముసుర్లలో బావ ఆ వెలుగు చూసుకునే మొగలోకి వచ్చాడు. అమ్మ లాంతరును ఆర్పినదీ ఈ గాలే. అది మారలేదు. దాన్ని అడగడం తెలిసిన మనిషి మా ఇంట పుట్టడానికే ఇంతకాలం పట్టింది.