పామాయిల్ మీద నా పోరాటం

ఇరవై మూడేళ్ల వయసులో, ఒంగోలులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ప్రపంచం నేను చెప్పేదాకా ఆగి ఉందని నా నమ్మకం. ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ లెక్చరర్‌ని. (పిల్లలు నన్ను ‘ఆకుల మేడం’ అనేవాళ్లు. గౌరవంగానే అనుకునేదాన్ని.) ఒకరోజు ఫోన్‌లో వీడియో చూశాను. ఇండోనేషియాలో పామాయిల్ తోటల కోసం అడవి నరికేస్తున్నారు. పడిపోయిన చెట్టు మీద ఒక తల్లి ఒరాంగుటాన్, పిల్లని పొట్టకి కరుచుకుని బుల్డోజర్ వైపే చూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. హాస్టల్లో నా గదిలోనే ఉండే జువాలజీ లెక్చరర్ అక్కకి చూపించి, “ఈ కోతిని చూడండక్కా” అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, “ముందు అది కోతి కాదు. తోక లేదు చూడు” అంది.

మర్నాడు క్లాసులో గంటసేపు అడవుల గురించి చెప్పాను. చివర్లో ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, “మేడం, ఇది పరీక్షకి వస్తుందా?” అని అడిగింది. ఇక కాలేజీతో కాదని, ఆ సాయంత్రం నేరుగా పామాయిల్ మరుగుతున్న చోటికే వెళ్లాను. చర్చి గోడ పక్కన మిరపకాయ బజ్జీల బండి. మేమందరం ‘పిన్ని’ అని పిలిచే ఆవిడ, ఆ బండి మీదే కూతుర్ని నర్సింగ్ చదివిస్తోంది. “పిన్నీ, ఈ నూనె వాడకూడదు” అన్నాను.

“ఏం టీచరమ్మా, కల్తీదా?”

“కాదు పిన్నీ. దీనికోసం అడవులు కొట్టేస్తున్నారు.”

“ఎక్కడ, నల్లమల్లోనా?”

ఇండోనేషియా ఎక్కడుందో గాల్లో వేలితో గీసి చూపించాను. ఆవిడకి అర్థం కాలేదు. (గీసింది చూస్తే నాకూ అర్థమయ్యేది కాదు.) అప్పుడు వీడియో చూపించాను. పిన్ని శనగపిండి చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోన్ పట్టుకుని రెండుసార్లు చూసింది. “పిల్లని వదల్లేదు చూడు” అంది. ఫోన్ తిరిగిచ్చి, “రేపట్నుంచి వేరుశెనగ నూనె పోస్తాను. నువ్వు మాత్రం మీవాళ్లందర్నీ తీసుకురావాలి” అంది. హాస్టలు మొత్తాన్ని తీసుకొస్తానని మాటిచ్చాను. అంత తేలిగ్గా గెలుస్తానని నేనూ అనుకోలేదు.

అట్టముక్క మీద ‘అడవుల్ని కాపాడే బజ్జీలు’ అని రాసి బండికి కట్టాను. ఒక పెద్దాయన దాన్ని కూడబలుక్కుని చదివి, “ఇవి తింటే ఏ జబ్బు తగ్గుద్దమ్మా?” అని అడిగాడు. పిన్ని ఓపిగ్గా అందరికీ చెప్పేది, “ఆ దేశంలో తల్లీపిల్లా నిలువనీడ లేకుండా అయిపోయారంట” అని. ఒకాయన జాలిపడి చందా ఇవ్వబోయాడు. హాస్టలు వాళ్లు రెండు రోజులు వచ్చారు. వేరుశెనగ నూనె గిట్టుబాటు కాక బజ్జీలు చిన్నవయ్యాయి, జనం మెల్లగా రోడ్డు దాటి, పామాయిలే వాడే ఎదురుబండి దగ్గరికి చేరారు.

ఆ జనంలో ఒకరోజు నేనూ ఉన్నాను. జువాలజీ అక్క పుట్టినరోజు, అక్కడే బజ్జీలు తినిపిస్తానంది. సిద్ధాంతం నాదైనా పుట్టినరోజు ఆవిడది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వేడి బజ్జీ నోట్లో పెట్టుకుని తలెత్తితే, రోడ్డుకి అవతల పిన్ని నావైపే చూస్తోంది. ఆవిడ ముందు ఒక్క మనిషి కూడా లేడు. బజ్జీ మింగలేను, ఉమ్మలేను. కళ్లలో నీళ్లొచ్చాయి. అక్క, “కారమా?” అంది. తలూపాను.

మర్నాడు పిన్ని దగ్గరికి వెళ్లి తలొంచుకుని నిలబడ్డాను. “తిన్నదానికి ఏడుస్తారా ఎవరైనా” అని నవ్వి, “అది సరే గానీ, ఆ తల్లీపిల్లా బతికారా?” అని అడిగింది. నేను ఆ సంగతి కనుక్కోనే లేదు. తెలీదన్నాను. “నాకు పొయ్యి ముందు నిలబడితే అదే గుర్తొస్తంది” అంది. ఇక ఉండబట్టలేక, “మళ్లీ పామాయిలే వాడుకో పిన్నీ” అని నేనే చెప్పాను. ఆవిడ నన్ను వింతగా చూసి, “మరి ఆ అడవో?” అంది.

పిన్ని పామాయిల్‌కి మారింది కానీ, పోయిన జనం తిరిగి రాలేదు. వేసవి సెలవులయ్యాక వెళ్తే చర్చి గోడ పక్కన బండి లేదు. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లిందని పక్కన పూలమ్మే ఆవిడ చెప్పింది. అక్కడికి వెళ్లి వెతుకుదామనుకున్నాను. వెతికితే దొరికేదేమో. దొరికితే ఏం చెప్పాలో తెలియక వెళ్లలేదు. ఇండోనేషియాలో అడవులు మాత్రం కూలుతూనే ఉన్నాయి.

ఇప్పుడు సత్తెనపల్లిలో పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక స్టూడెంటు ఎండలో తిరిగి ఎర్రబడ్డ మొహంతో స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, అడవుల్ని కాపాడాలన్న అర్జీ నా ముందు పెట్టింది. అప్పటికి దాని మీద నాలుగు సంతకాలున్నాయి. అందులో రెండు ఒకే చేతిరాత. “దీనివల్ల ఏమైనా జరుగుతుందంటారా మేడం?” అని అడిగింది. ఆ మొహం చూస్తే నవ్వొచ్చింది. జరగదని చెప్పడానికి నోరు రాలేదు. పెన్ను తీసుకుని, “పేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరాలు చాలా?” అని అడిగాను.