ముందర పోలీసులుండారు

మా వైపు రోడ్ల మీద ఎదురుగా వచ్చే బండివాడు పట్టపగలు లైటు వెలిగించి ఆర్పాడంటే మనం తెలిసినవాళ్లమని కాదు. ముందర పోలీసులు ఉన్నారని. ఆ సైగ అందుకున్నవాడు పక్క సందులోకి తిరుక్కుంటాడు, లేదంటే చెట్టు నీడన బండి నిలిపి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తాడు. హెల్మెట్ ఉన్నవాడు తగిలించుకుంటాడు. లేనివాడు దేవుడి మీద భారం వేసి పోతాడు. ఈ సైగ చేసినందుకు ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు. దాహమైనవాడికి నీళ్లిచ్చినట్టు, అది చేయాల్సిన పని అంతే.

మా నాయన ఈ పనిని ఒక వ్రతంగా పెట్టుకున్న మనిషి. ఆయనది ధర్మవరం పక్క పల్లె. కాస్త వేరుశనగ, నాలుగు గొర్రెలు, ఒక పాత మోపెడ్. దాని లైటు ఎప్పుడో పోయింది కాబట్టి ఆయన చెయ్యెత్తి వేలు గుండ్రంగా తిప్పేవాడు. అప్పటికీ అర్థం కానివాళ్లకు బండి నిలిపి మరీ చెప్పేవాడు, "ముందర పోలీసులుండారప్పా, చూసుకొని పో" అని. ఒకసారి మామూలు బట్టల్లో పోతున్న ఒకాయన్ని ఆపి ఇట్లాగే చెప్పాడట. తీరా చూస్తే ఆయన ఆ చెకింగుకే డ్యూటీకి పోతున్న కానిస్టేబుల్. "సరే పెద్దాయనా, మా సారుకు గూడా చెప్తాలే" అని నవ్వుకుంటూ పోయాడట. ఈ కథ ఊరంతా చెప్పి, అందరికంటే ఎక్కువ తనే నవ్వేవాడు.

నాకూ ఆ చెకింగులంటే ఒళ్లు మంట. హిందూపురంలో ఒకరోజు మా ఆయన బండి తీసుకొని కూరగాయలకు పోతే ఆపారు. కానిస్టేబుల్ నంబరు ప్లేటు చూసి ఫోన్లో కొట్టగానే బండి ఎవరిది, ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోయింది, ఎక్కడెక్కడ ఫైన్లు పడ్డాయి, అన్నీ బయటికి వచ్చాయి. వాటిలో సగం నాకే తెలియదు. ఊళ్లో గొలుసులు తెంపుకొని పోయేవాళ్లు దొరకరు గాని, కొత్తిమీర కట్ట పట్టుకొని పోయే నేను దొరికానా అని అక్కడే గట్టిగా అడిగాను. ఆయన పాపం ఏమీ అనలేదు, చలానా మాత్రం వేశాడు. నాయనకు చెప్తే, "మన జాతకమంతా ఆ ఫోన్లో ఉంటాది పాపా. పంచాంగం చూసే అయ్యవారు గూడా అంత చెప్పలేడు" అన్నాడు.

నా కాపురం హిందూపురంలో, ఉద్యోగం పెనుకొండ సచివాలయంలో. రోజూ బస్సులో పోయి వస్తాను. నాయన అప్పుడప్పుడూ పల్లె నుంచి మోపెడ్ మీద ఆఫీసుకే వచ్చేవాడు. హైవే మీద పెద్ద బండ్లంటే భయమని ఊళ్ల మీదుగా వచ్చే పాత రోడ్డు పట్టుకునేవాడు. వచ్చి, తెచ్చింది నా టేబుల్ మీద పెట్టి, ఒక గ్లాసు నీళ్లు తాగి, "పోయొస్తా" అనేవాడు. ఈ వయసులో అంత దూరం బండేమిటని నేను అరవడం, ఆయన విననట్టు పోవడం మామూలే.

ఆ రోజు పచ్చి శనక్కాయలు తెస్తున్నానని పొద్దున ఫోన్ చేశాడు. మధ్యాహ్నమవుతున్నా రాలేదు. ఫోన్ చేస్తే మోగలేదు. ఇంతలో మా పల్లె ఆటో ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, మీ నాయన బండి ఈడ పాత రోడ్డు పక్కన పడుండాది. చెప్పులు ఒగ పక్క, శనక్కాయల సంచి ఒగ పక్క. రక్తముండాదమ్మా. మనిషి ల్యాడు."

"మనిషి లేకపోవడమేంటన్నా? యాడికి పోయినాడు?"

"గొర్రెలు కాసే ఆయమ్మ దూరం నుంచి చూసిందంట. ఇబ్బుడే ఎవుడో తెల్ల పికప్పు బండోడు ఎత్తి వెనక ఏసుకొని పెనుకొండ పక్కకే పోయినాడంట. బండికి వెనక నెంబరు గూడా లేదంటమ్మా."

నంబరు లేని బండి అనగానే నాకు ఒక్కటే తోచింది. గుద్దినవాడే ఎక్కించుకున్నాడు. ఆసుపత్రికని నలుగురికీ నమ్మకం కలిగించి, దారిలో ఏ వాగులోనో వంకలోనో పడేసి పోయిన కథలు మా వైపు అందరం విన్నవే. పెనుకొండ ఆసుపత్రికి ఫోన్ చేస్తే అట్లాంటి మనిషిని ఎవరూ తేలేదన్నారు. అప్పుడిక నేను ఆగలేదు. మా ఆఫీసు నుంచి పోలీస్ స్టేషన్ దగ్గరే. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోకుండా పరుగెత్తాను.

ఎస్ఐ చిన్నవాడు. నేను చెప్పింది సగం వినగానే లేచి నిలబడ్డాడు. "ఏడవద్దు మేడం. ఆ రోడ్డున వచ్చినోడు పెనుకొండ దాటకుండా యాడికీ పోలేడు" అన్నాడు. నిమిషాల్లో జీపు, బారికేడ్లు ఊరి మొదట్లో ఉన్నాయి. అంబులెన్సుకు కూడా ఫోన్ చేసి, తెచ్చి బారికేడ్ల పక్కనే నిలిపించాడు. "దొరికితే ఇట్ల దించి అట్ల ఎక్కించుకొని పోవాల" అని ఆ డ్రైవరుకు చెప్పాడు. ఇంజను ఆపొద్దన్నాడు కూడా. జీవితంలో మొదటిసారి ఒక పోలీసును చూసి నాకు దండం పెట్టాలనిపించింది.

పికప్పు అన్నదాన్నల్లా ఆపారు. నంబరు చూడడం, ఫోన్లో కొట్టడం, వెనక పట్టా ఎత్తడం. నేను పక్కన నిలబడి ఉండలేకపోయాను. పెళ్లికి షామియానా సామాన్లు తీసుకుపోతున్న ఒకడు లేటవుతోందని విసుక్కుంటే, వాని బండి తాళం నేనే లాక్కున్నాను. "నీకేం అధికారముండాది?" అని వాడు నా మీదికి వచ్చాడు. "మా నాయన ల్యాడు రా!" అని అరిచాను. వాడు తానే పట్టా ఎత్తి చూపించాడు. ఎప్పుడూ ఎవరినీ రా అనని మనిషిని నేను.

కాసేపటికి రోడ్డు మీద బండ్లు తగ్గిపోయాయి. దూరాన మలుపు దగ్గర ఒక ట్రాక్టరు వెనక్కి తిరగడం కనిపించింది. తర్వాత ఒక ఆటో. నాకు అర్థం కాలేదు.

"మనమొచ్చినామని ఈపాటికి తెలిసిపోయుంటాది మేడం" అన్నాడు కానిస్టేబుల్. "ఒగడు చూస్తే చాలు, దారంతా చెప్తారు."

మా ముందు నుంచే అటువైపు పోతున్న బైకాయన ఒకడు, ఎదురుగా వస్తున్నవాళ్లకు లైటు కొడుతూ పోతున్నాడు. నేను పరుగెత్తి వాని బండి వెనక కమ్మీ పట్టుకున్నాను. "ఏమబ్బా, ఎందుకు కొడతాండావు లైటు?"

వాడు భయపడి చూశాడు. "ఎందుకేందక్కా, పాపం, వాళ్లకు ఫైను పడకుండా. ఎవురి దగ్గరుండాయి దుడ్లు?"

ఇది మా నాయన మాటే, మా నాయన గొంతే. ఆ మంచితనమే ఆ రోజు నన్ను నిలువునా కోసింది. ఈ దారిలో ఉన్న మంచివాళ్లంతా కలిసి మా నాయన్ను ఎత్తుకుపోయినవాణ్ణి దాటిస్తున్నారనిపించింది. కమ్మీ వదిలేసి రోడ్డు మీదే కూలబడ్డాను.

అంబులెన్సు ఇంజను మోగుతూనే ఉంది. నేను దాని వైపు చూడకుండా ఉండడానికి మెడ తిప్పుకొని కూర్చున్నాను.

చాలాసేపటికి ఎస్ఐ ఫోన్ చెవిన పెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖం చూస్తే మంచివార్తో చెడ్డవార్తో తెలియలేదు. "మేడం, మీ నాయన హిందూపురం ఆసుపత్రిలో ఉన్నాడంట. ప్రాణానికి భయం లేదన్నారు" అన్నాడు. నేను లేచేలోపల తనలో తాను అనుకున్నట్టు అన్నాడు, "పెనుకొండ మీద రాకుండా హిందూపురం ఎట్ల పోయినాడు?"

జీపులో నన్ను ఎక్కించుకొని తనే వచ్చాడు. దారిలో సోమందేపల్లి ఊరు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. దాటాక ఆగలేదు.

ఆసుపత్రి వరండాలో ఒక పిల్లవాడు గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. టమాటా బండివాడు. చొక్కా నిండా మరకలు, ఏది రక్తమో ఏది టమాటా రసమో తెలియదు. వాణ్ణి చూడగానే చెప్పకుండానే తెలిసిపోయింది. కాలరు పట్టి లేపాను. "గుద్దింది చాలక ఇంతసేపు యాడ తిప్పినావు రా నా నాయన్ను?" వాడు కొట్టమన్నట్టు తల వంచాడు. నా చెయ్యి లేచింది.

"వాన్ని ఇడ్సు పాపా!"

లోపల స్ట్రెచర్ మీద నుంచి నాయన గొంతు. పోయి చూస్తే నడుము నుంచి కింద దుప్పటి, ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆయన మాట ఒక్కొక్కటే వచ్చింది. గుద్దింది లారీ, నిలపకుండానే పోయింది. ఈ పిల్లోడు వెనకాల వస్తూ చూసి, టమాటా బుట్టలు రోడ్డు పక్కన దించేసి, ఆయన్ను ఒక్కడే ఎత్తి వేసుకున్నాడు. ఫోన్ ఎక్కడో ముళ్లకంపలో పడింది. నా నంబరు నాయనకు నోటికి రాదు, ఈ కాలంలో ఎవరికి వస్తుంది? పెనుకొండ ఆసుపత్రికే బయల్దేరారు. పెనుకొండ కొండ కూడా కనిపించింది.

"మరి పెనుకొండకు రాకుండా ఎందుకు పోయినారు నాయనా?"

పిల్లవాడే తలుపు దగ్గర నుంచి చెప్పాడు. వెనక తలుపు కొత్తది వేయించాడట, నంబరు ఇంకా రాయించలేదు. లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు. ఎదురుగా వచ్చే ఒకాయన లైటు కొట్టి, బండి నిలిపి, "పికప్పులన్నీ ఆపుతాండారు, చానా మంది పోలీసులుండారు, పోవద్దు" అన్నాడట. "నేను పోతానంటినక్కా. దేవుని తోడు, ఏమన్నాకానీ పోతానంటి. పెద్దాయనే వద్దన్నాడు."

నేను నాయన వైపు తిరిగాను.

"నేనే వద్దంటి" అన్నాడు నాయన. "నన్ను ఎత్తుకున్న పాపానికి వాని బండి పట్టిస్తామా? బతకల్సిన పిల్లోడు. చేన్ల మీద హిందూపురం పక్క పోయే బండ్ల బాట నాకు తెలుసు గదా, నేనే చూపిస్తి. మట్టిదారిలో కొంచెం నొప్పి తెలిసింది, అంతే."

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. కాలికి రక్తం ఆడక చాలాసేపైందని, మోకాలి కింద ఉంచలేమని చెప్పాడు. "పెనుకొండలోనే కట్టి పంపించి ఉంటే..." అని ఆగాడు. ఆయన ఆగినచోట నాకు అంతా తెలిసిపోయింది. పికప్పులన్నీ ఆపించింది ఎవరు? ఊరి మొదట్లో ఇంజను ఆపకుండా నిలబడ్డ అంబులెన్సు దాకా రాకుండా పక్కకు తిరిగి, ఆ మట్టిదారిలో మా నాయన కాలు పోయింది. ఎస్ఐ కూడా విన్నాడు. ఫోన్ తీసి, బయట నిలిపిన నంబరు లేని ఆ బండి వైపు ఒకసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పిల్లవానితో, "రేపే రాయించుకో నెంబరు" అని మాత్రం అన్నాడు. గొంతులో గట్టితనం లేదు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. నాయన ఏడవలేదు. అమ్మ ఏడిస్తే, "ఒగటి ఉండాది గదా" అన్నాడు. ఆయన ధైర్యం చూస్తే నాకు ధైర్యం రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. ఆ పిల్లవాని మీద పెట్టుకుందామంటే వాడు పండ్లు పట్టుకొని వచ్చి మంచం దగ్గర నిలబడేవాడు. పోలీసుల మీద పెట్టుకుందామంటే వాళ్లు నేను అడిగిందే చేశారు. లైటు కొట్టిన ఆ మనిషి ఎవరో ఎప్పటికీ తెలియదు. తెలిసినా ఏమని తిట్టాలి?

వార్డుకు మార్చాక ఒకరోజు అమ్మ టీ కోసం కిందికి పోయింది. నాయన కిటికీ వైపు చూస్తూ పడుకున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"పాపా, ఆ పొద్దు పెనుకొండ కాడ అంత గట్టిగా ఆపినారంట. ఎవురో పెద్ద దొంగోడే అయ్యుంటాడు. దొరికినాడా?"

నేను శనక్కాయలు ఒలుస్తున్నట్టు చేతులు ఊరికే కదిలించాను. నా చేతుల్లో ఏమీ లేదు. అబద్ధం చెప్పొచ్చు. దొరకలేదనో, ఏమో తెలియదనో అనొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆయన నా ముఖం వైపు తిరిగి చూస్తున్నాడు.

"దొంగకోసం కాదు నాయనా. నీకోసమే. నేనే పోయి చెప్పి ఆపించినా. అంబులెన్సు గూడా ఆడనే పెట్టింటిమి, నిన్ను ఎక్కించుకునేకి."

నాయన దుప్పటి కింద కాలు లేనిచోట చెయ్యి పెట్టి సర్దుకున్నాడు. తర్వాత, తప్పు తనదే అయినట్టు, నాకు నచ్చచెప్తున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఆ మాట మాకెవురూ చెప్పల్యా గదా పాపా. ముందర పోలీసులుండారనే చెప్పిరి."