దానంతటదే పడిన గేరు

టెగ్విన్ ప్యూ వస్తున్నాడంటే తలెత్తి చూడక్కర్లేదు, నడక చప్పుడే చెప్పేది. ఒక అడుగు గట్టిగా పడేది, రెండోది రాళ్ల మీద ఈడ్చుకుంటూ వచ్చేది. వేల్స్ కొండల మధ్య ఆ ఇరుకు లోయలో ఆ కుంటు ఎలా వచ్చిందో తెలియనివాళ్లు లేరు. పదిహేడేళ్ల వయసులో, గేరులో ఉన్న ట్రాక్టరుని స్టార్టు చెయ్యడానికి ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాడు. ఇంజను అందుకోవడంతోనే బండి ముందుకు దూకి, అతన్ని కొట్టం గోడకేసి నొక్కేసింది. తుంటి ఎముక నుజ్జయింది.

ముందురోజు సాయంత్రం ఆ ట్రాక్టరు తోలి తెచ్చి ఆపినవాడు అతని అన్న మేరిగ్.

"నేను న్యూట్రల్‌లోనే పెట్టాను నాన్నా! ఆ గేరు అరిగిపోయింది, దానంతటదే పడుతోంది," అని మేరిగ్ ఏడ్చాడు. తండ్రి నమ్మాడు. నమ్మి, ఆసుపత్రి మంచం మీదున్న చిన్నకొడుకుని చీవాట్లు పెట్టాడు. "హ్యాండిల్ పట్టుకునే ముందు గేరు చూసుకోవద్దట్రా? కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?"

టెగ్విన్ చూసుకోని మాట నిజమే. తప్పు తనదేనని ఆ మంచం మీదే ఒప్పేసుకున్నాడు.

తండ్రి ఆ ట్రాక్టరుని గుర్రాలతో పాత రాతి కొట్టంలోకి లాగించి తలుపు మూసేశాడు. మళ్లీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గొర్రెల వెంట కొండ ఎక్కలేనివాడికి పొలం ఎందుకని ఆస్తి మొత్తం మేరిగ్ పేర రాశాడు. టెగ్విన్ కిందున్న చిన్న ఊళ్లో గ్యారేజీలో చేరి, బల్ల ముందు కూర్చుని చేసే రిపేర్లన్నీ నేర్చుకున్నాడు. గ్యారేజీ మీది గదిలోనే ఉండిపోయాడు. పెళ్లి కాలేదు. మేరిగ్ మాత్రం తమ్ముణ్ణి వదిలేయలేదు. ఏటా శీతాకాలం ముందు గొర్రెమాంసం, బంగాళదుంపల బస్తా తెచ్చి పడేసేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక భోజనానికి ఇంటికి తీసుకెళ్లేవాడు. మేరిగ్ భార్య నెస్టా మాంసం ముక్కలు ముందు టెగ్విన్ పళ్లెంలోనే వడ్డించేది. ఇలాంటి అన్నావదినలు ఎవరికుంటారని టెగ్విన్ గ్యారేజీలో పదిమందికీ చెప్పుకునేవాడు.

అరవై దాటి అతను పని మానేసిన ఏడు, భోజనాల దగ్గర నెస్టా పాత కొట్టం ఖాళీ చేయించాలంది.

"సోమవారం పాత ఇనుము వాడొస్తాడు. ఆ దరిద్రాన్ని కూడా పట్టుకుపొమ్మంటాను," అన్నాడు మేరిగ్.

"ట్రాక్టరునా? నాకిచ్చెయ్యన్నా. బాగుచేస్తాను."

మేరిగ్ చెంచా కింద పెట్టాడు. "నీకు మతిపోయిందా? అదంతా తుప్పు. దానికంటే నీ కాలు బాగుచెయ్యడం తేలిక."

"కాలుకి విడిభాగాలు దొరకవుగా."

నెస్టా నవ్వింది. మేరిగ్ నవ్వలేదు. "నిన్ను కుంటివాణ్ణి చేసిందిరా అది. నా కళ్ల ముందు ఉండకూడదు," అన్నాడు. తన మీద ప్రేమకొద్దీ అంటున్నాడనుకున్నాడు టెగ్విన్. బతిమాలి, చివరికి ఒప్పించాడు. ఒక మాట కూడా ఇచ్చాడు: మొదటిసారి హ్యాండిల్ కొట్టేది అన్నే.

ట్రాక్టరుని గ్యారేజీ వెనక రేకుల షెడ్డుకి లాగించుకుని, ఆ శీతాకాలమంతా అక్కడే గడిపాడు. పిస్టన్లు సిలిండర్లకి పట్టేసి ఉంటే, పైనుంచి నూనె పోసి వారాల తరబడి నాననిచ్చాడు. హ్యాండిల్ మీద బలం పెడితే లోపల ఏదో ఒకటి విరుగుతుందని తెలుసు కాబట్టి తొందరపడలేదు. ఓ మధ్యాహ్నం హ్యాండిల్ వెంట్రుకవాసి కదిలినప్పుడు ఒంటరిగా పెద్దగా నవ్వుకున్నాడు. స్పార్కు పుట్టించే మాగ్నెటో విప్పి తీగ మళ్లీ చుట్టాడు. ఇంజను చుట్టూ నీళ్లు తిరిగే గది చలికి పగిలితే అతుకు వేశాడు. ఎలుకలు గూడు కట్టిన గాలి గొట్టం కడిగాడు.

గేర్‌బాక్స్‌ని ఆఖరుకి ఉంచాడు. అరిగిన గేరుని అలాగే వదిలేస్తే అన్నకి కూడా అదే గతి పడుతుందని భయం. అరిగిన భాగాలకి బదులు ఏవి వెతకాలో ముందే ఆరా తీసి పెట్టుకున్నాడు.

మూత విప్పాడు. నల్లటి నూనె కింద పళ్లన్నీ పదునుగా ఉన్నాయి. గేరుని పట్టి ఉంచే గాడి నిన్న చేసినట్టుంది. స్ప్రింగు బిర్రుగా ఉంది. లీవరుని న్యూట్రల్‌లో పెట్టి, బండిని ఊపాడు. సుత్తితో తట్టాడు. హ్యాండిల్ తిప్పాడు, వెనక్కి తోశాడు, మళ్లీ తిప్పాడు. గేరు పడలేదు. చేత్తో గట్టిగా లాగితే తప్ప పడలేదు.

ఆ కొట్టం తలుపు మూసినప్పటినుంచీ ఈ బోల్టుల మీద పానా పెట్టినవాడు లేడు. టెగ్విన్ నూనె చేతులు తుడుచుకోకుండా బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లూ తిన్న ఆదివారం భోజనాలన్నీ ఒక్కసారి నోటికొచ్చినట్టనిపించింది.

మూత బిగించాడు. ఎవరికీ చెప్పలేదు.

గొర్రెల ఈతలు అయిపోయాక, అనుకున్నట్టే మేరిగ్ వచ్చాడు. నెస్టా ఎండుద్రాక్షల రొట్టె కోసి తెచ్చింది. ట్రాక్టరు నీలం రంగులో మెరుస్తోంది. చక్రాల ముందు దిమ్మలు పెట్టి ఉన్నాయి.

"పెట్రోలు వదిలాను. వేడెక్కాక కిరసనాయిలుకి మారుద్దాం," అన్నాడు టెగ్విన్. "స్పార్కు లీవరు పూర్తిగా వెనక్కి లాగాను. ముందుకుంటే హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు విరిచేస్తుంది. బొటనవేలు చుట్టకు, మిగతా వేళ్ల పక్కనే పెట్టుకో. కిందనుంచి పైకి లాగు. పైనుంచి కిందికి మాత్రం ఒత్తకు."

"నాకు నేర్పుతున్నావట్రా?" అంటూ మేరిగ్ కోటు విప్పి నెస్టాకిచ్చాడు. బండి ముందుకి వెళ్లి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. ఆగిపోయాడు. తిరిగొచ్చి గేరు లీవరు పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూశాడు.

"బాగా బిగువుగా ఉందే. కొత్తవి వేశావా?"

"లోపల ఏదీ మార్చలేదన్నా. అన్నీ పాతవే."

మేరిగ్ చెయ్యి లీవరు మీదే ఉండిపోయింది. నెస్టా రొట్టె ముక్కలున్న పళ్లెం వైపు చూస్తూ నిలబడింది.

"అది దానంతటదే పడదు," అన్నాడు టెగ్విన్. "ఎప్పుడూ పడలేదు. నువ్వు గేరులోనే వదిలేశావు."

"పంతొమ్మిదేళ్లురా నాకు," అన్నాడు మేరిగ్. "డ్యాన్సుకి వెళ్లే తొందరలో ఉన్నాను. ఇంజను ఆపి, అలాగే దిగి పరిగెత్తాను. చెబితే నాన్న చంపేసేవాడు."

"నాన్న పోయాక?"

"పోయాక చెప్పి ఏం చెయ్యను? నీ కాలు వచ్చేదా? అయినా నువ్వు చూసుకోవద్దూ?"

"చూసుకోవాల్సింది. ఆ మాట నేను కాదనలేదు. నువ్వే ఏదీ ఒప్పుకోలేదు."

"ఎంత చేశానురా నీకు! ఏ లోటైనా రానిచ్చానా?"

నెస్టా మధ్యలోకొచ్చి మరిది భుజం పట్టుకుంది. "ఊరుకో టెగ్విన్. పెళ్లికి ముందే నాకు చెప్పి కుమిలిపోయాడు పాపం. ఆయనకీ నిద్రలేదు."

టెగ్విన్ ఆమె చెయ్యి తీసేశాడు. "నీకూ తెలుసా వదినా?" అన్నాడు. మేరిగ్ కోటు తీసుకుని బయటికి నడిచాడు.

వాళ్ల కారు మలుపు తిరిగాక, టెగ్విన్ ఎడమచేత్తో రేడియేటరు పట్టుకుని, మంచికాలి మీద బరువేసి హ్యాండిల్ పైకి లాగాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. చక్కగా, ఎక్కడా తడబడకుండా ఆడింది. అంత కష్టపడ్డ పని ఫలించినందుకు సంతోషం కోసం ఎదురుచూశాడు. రాలేదు. కాసేపు విని ఆపేశాడు.

ఆ ఏడు నెస్టా తెచ్చిన మాంసం అతను తలుపు తీసి అందుకోలేదు. ఆదివారాలు చర్చిలో వెనక వరసకి మారాడు. గ్యారేజీలో ఇద్దరికి సంగతి చెప్పి చూశాడు. "ఇన్నేళ్ల తర్వాతా? అన్నం పెట్టినవాడి మీదా?" అన్నారు. ముసలితనంలో మనసు పులిసిపోయిందని లోయంతా అనుకుంది. ఆ తర్వాత అతను ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లకి మేరిగ్ గొర్రెల దొడ్లో గుండె ఆగి పోయాడు. చర్చి నిండిపోయింది. కుటుంబం వాళ్లు కూర్చునే ముందువరసలో టెగ్విన్‌ని కూర్చోబెట్టారు. మతగురువు చనిపోయినవాడి మంచితనం గురించి చెబుతూ, కాలు దెబ్బతిన్న తమ్ముణ్ణి జీవితాంతం మోసిన అన్న అని మెచ్చుకున్నాడు. నెస్టా తల వంచుకుంది. జనం టెగ్విన్ వైపు జాలిగా చూశారు. లేచి ఒక్క మాట అనొచ్చు. నోరు తెరిచాడు కూడా. అప్పటికే పాట అందుకున్నారు. మగవాళ్ల గొంతులు కప్పు దాకా లేచాయి. అలవాటుకొద్దీ తన గొంతూ కలిపాడు.

బయట పక్క పొలం రైతు చెయ్యి పట్టుకుని, "అలాంటి అన్న మళ్లీ దొరకడయ్యా," అన్నాడు.

"దొరకడు," అన్నాడు టెగ్విన్. టోపీ పెట్టుకుని, సమాధి దగ్గరికి వెళ్లకుండా, వానలో కిందికి దారి పట్టాడు.