దూప అంటే ధూపం కాదు

అరవై ఏడో ఎనిమిదో సంవత్సరం, తార్నాకలో మా ముందు గదిలోకి మలయా నుంచి ఒక పిల్ల అద్దెకు దిగింది. పదిహేడేళ్ళుంటాయి. యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చింది. వాళ్ళ నాయనమ్మ ఎప్పుడో విశాఖ వైపు నుంచి అక్కడి రబ్బరు తోటల పనికి వెళ్ళిన మనిషి. ఆవిడ దగ్గర నేర్చుకున్న తెలుగుతో, మన దేశం మనకు కొత్తేమిటన్న ధీమాతో వచ్చింది. వచ్చిన కొత్తలో పొద్దస్తమానం నా వెనకే తిరుగుతూ కబుర్లు చెప్పేది.

ఒక ఎండపూట, తన తరగతిలోని దోస్తు ఒకతె లాలాపేట నుంచి నడిచొచ్చి గడపలో కూలబడి, "మస్తు దూపైతుందే" అంది. మా వైపు దూప అంటే దాహం. ఈ పిల్ల పరుగున వంటింట్లోకి వెళ్ళి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగలు కక్కుతున్న ధూపం తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టింది. దగ్గుతూ ఆమె, పొట్ట పట్టుకుని నేను, ఒకటే నవ్వు.

కాలేజీలో ఈ పిల్లకు సాంబ్రాణి అని పేరు పడింది. బుర్ర లేనివాళ్ళను మనం అనే మాటే కదా అది. ఆ అర్థం ఎవరో విడమరిచి చెప్పారు కూడా. అప్పటినుంచి బయట తెలుగు మాట్లాడటం మానేసింది. సెలవంటూ గదిలోనే పడుకునేది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

"అక్కడ మమ్మల్ని ఇండియావాళ్ళంటారు. ఇక్కడ ఫారిన్ పిల్లంటున్నారు. నేనెక్కడిదాన్నక్కా?" అంది ఒకరోజు. మద్రాసులో ఉన్న మేనమామకు కబురు పెట్టిందట. శనివారం వచ్చి తీసుకుపోయి ఓడ ఎక్కిస్తాడట.

చదువుల సంగతి నాకు తెలీదు, మూడో తరగతి దాటలేదు. కానీ ఈ వయసులో తల వంచుకుని వెళ్ళిపోతే ఆ తల ఇంక లేవదనిపించింది.

"పోతె పో బిడ్డా. గని ఆ పేరు గీడ ఇడిసిపెట్టి పో. ఎంబడి తీస్కపోకు" అన్నాను. మర్నాడు పొద్దున్నే జడ వేసి, చెయ్యి పట్టుకుని క్యాంపస్‌కు నడిపించి, కాలేజీ మెట్ల మీద కూర్చున్నాను. "నువ్వు లోపలికి పోయేదాంక నేను లెవ్వ."

ఆ దోస్తే ఎదురొచ్చింది. "ఏమే సాంబ్రాణీ, ఎటు పోయినవ్ ఇన్నొద్దులు?"

పిల్ల మెట్టు మీదే ఆగింది. "అది నా పేరు కాదు. నా పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతాను."

"గంత గుస్సానా? మజాక్ జేసిన."

"మజాక్ అంటే?" నిజంగానే తెలియక అడిగింది.

"అంటే... నవ్వులాటకు అన్న."

"పరాచికమా? అది ఇద్దరికీ నవ్వొస్తేనే."

దోస్తు ఈసారి అసలు పేరు పెట్టి పిలిచి, "రా, సార్ వస్తడు" అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మిగతావాళ్ళు కొందరు ఆ పాత పేరుతోనే పిలిచారు. ఈ పిల్ల పలకలేదు, అంతే.

శనివారం మేనమామ వచ్చాడు. "పెట్టె సర్దావా అమ్మా?"

"లేదు మావయ్యా. పరీక్షలు రాశాకే వస్తాను."

ఆయన నావైపు చూశాడు. "మీరేమైనా చెప్పారా?"

"నేనేం జెప్పలే సార్. గామెనే అడుగుండ్రి."

"మళ్ళీ ఏడుస్తూ కబురు పెడితే నేను రాలేను" అన్నాడాయన పిల్లతో.

"ఏడిస్తే ఇక్కడే ఏడుస్తాను మావయ్యా. కబురు పెట్టను."

ఆయన మా ఇంట్లోనే భోంచేసి, సాయంత్రం బండికి ఒక్కడే వెళ్ళాడు.