పాలకేంద్రంలో ఊరికే మోగిన గంట

నార్కట్‌పల్లి దాటినాక రోడ్డు పక్కన ఒక పాలకేంద్రం ఉండేది. అందులో ఊడ్చి తుడిచే పని నాది. తొంభైల చివర్లో అక్కడికి కంప్యూటర్లు వచ్చాయి. ఏ ఊరి పాలు ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, అన్నీ లోపలి గదిలోని పెద్ద మిషన్‌లో ఉండేవి. దాన్ని సర్వర్ అనేవాళ్లు. అదే గదిలో ఆపరేటర్ బల్ల మీద ఇంకో చిన్న కంప్యూటర్. పెద్దది బాగుందా లేదా అని చిన్నది మాటిమాటికీ అడుగుతుందట. జవాబు రాకపోతే గంట మోగించి, తెర మీద ఎర్రక్షరాలు చూపిస్తుంది. పదిహేను రోజులకోసారి హైదరాబాదు నుంచి వచ్చే ఇంజనీరు మేడం ఒక సోమవారం వచ్చి దాన్ని పెట్టిపోయింది.

ఆ వారమంతా పొద్దున తొమ్మిదింటికి గంట మోగింది. నేను లోపల గచ్చు తుడిచేది కూడా తొమ్మిదింటికే.

"ఏందమ్మా, నీ చీపురు వైరుకు తగుల్తాంది" అన్నాడు మేనేజరు సారు. "సర్వర్ ఖరాబైతే ఊర్ల పాల లెక్కలన్నీ పోతయ్."

"వైర్ల జోలికి నేను పోలే సార్."

"మరి నువ్వు లోపలికి పోంగనే ఎందుకు మోగుతాంది?"

సోమవారం నుంచి ఆ గదిలోకి రావద్దన్నాడు. వారం చూసి, గంట ఆగిందంటే నా పనిలో వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు.

సోమవారం పొద్దున గంట మోగలేదు. మంగళవారమూ మోగలేదు. సారు వరండాలో ఎదురైనప్పుడు ముఖం అటు తిప్పుకున్నాడు. నాకే నా మీద అనుమానం వచ్చింది. చీపురు కాకపోతే కొంగైనా తగిలిందేమో అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం కిటికీ కింద కూర్చుని సద్ది తింటున్నాను. లోపల సన్నగా గంట వినబడింది. ఆపరేటర్ చిట్యాల నుంచి బస్సులో వచ్చే ముస్లిం, ఇద్దరు పిల్లల తండ్రి. లేచి కిటికీలోంచి అతన్నే అడిగాను.

"తమ్మి, అది గంటనేనా?"

"గంటనే అక్కా. ఊకె ఒర్లుతాంది. అందుకే స్పీకర్ల దూది కుక్కిన."

"నిన్న గూడ మోగిందా?"

"నిన్న, మొన్న, గిదే టైముకు. నేను డబ్బా మూత తీసుడే ఆలస్యం. ఒక బటన్ నొక్కితే బంద్."

"సార్‌కు చెప్పలే?"

"సారు అన్నానికి ఇంటికి పోతడు గద. చెప్తె నువ్వేం జేసినవని నన్ను పట్టుకుంటడు." అప్పుడు నా ముఖం చూశాడు. "అరే... నీ సంగతి నాకు యాదికే రాలేదక్కా."

ముందటి వారం గంటలు ఏ టైముకు మోగినవో కూడా చిన్న కంప్యూటర్‌లోనే రాసి ఉంటాయని చెప్పాడు. చదవమన్నాను. అతను చదువుతుంటే నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. నేను రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని అప్పటికి నాలుగేండ్లే. ముందటి వారం అన్ని రోజులూ తొమ్మిది. ఈ వారం మూడు రోజులూ ఒంటిగంట. ఆ రెండు టైములు నాకు కొత్తవి కావు. మా చేనుకు, బోరు మోటరు నడిచే త్రీఫేజ్ కరెంటు వారానికో వేళ వంతున ఇస్తారు; ముందటి వారం తొమ్మిదింటికి వచ్చేది. సోమవారం నుంచి వంతు మారి ఒంటిగంటకు వస్తున్నది. మా ఆయన మోటరు దగ్గరికి ఆ వేళకే పోతున్నాడు.

శనివారం మేడం వచ్చింది. నోట్‌బుక్కు ఆమె ముందు పెట్టి, చేన్లకు కరెంటు వచ్చే వేళకే గంట మోగుతున్నదని చెప్పాను.

"కరెంటొస్తే సర్వర్‌కు ఏమవుతుందమ్మా? దానికి బ్యాటరీ ఉంది కదా" అన్నది.

"అది నాకు తెల్వదు మేడం. ఈడ అందరి బోర్లకూ ఆటో స్టార్టర్లున్నయ్. కరెంటు రాంగనే మోటర్లన్నీ ఒక్కపాలి లేస్తయ్. ఇండ్లల్ల లైటు బుగ్గలు గుడ్డిగైతయ్."

ఒంటిగంటకు సారును కూడా అన్నానికి పోనియ్యకుండా ఆపింది. గదిలో లైటు బుగ్గ ఎర్రబడి, మళ్లీ వెలిగింది. దూదిలోంచి గంట మోగింది. నేను గడప బయట నిలబడి ఉన్నాను.

మేడం వైరు వెంబడే చూసుకుంటూ బల్ల కిందికి దూరింది. రెండు కంప్యూటర్లను కలిపే చిన్న పెట్టె ఒకటి గోడ ప్లగ్గులో ఉంది. బ్యాటరీకి కలపలేదు. కరెంటు తగ్గగానే ఆ పెట్టె ఆరిపోయి, మళ్లీ లేచేదాకా చిన్నదానికి జవాబు రావడం లేదు. సర్వర్‌కు ఏమీ కాలేదు.

"నా ప్రోగ్రాంలో కూడా తప్పుంది" అన్నది మేడం. "ఒక్కసారి జవాబు రాకపోతేనే మోగేట్టు రాశాను."

పెట్టెను బ్యాటరీకి మార్చింది. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతేనే గంట మోగాలని రాసింది. సర్వర్ లోపల లెక్కలు దాచే జాగా నిండుతున్నదంటే చిన్న చప్పుడు ఒక్కసారే. సర్వర్ నిజంగా ఆగితే మాత్రం, ఎందుకు ఆగిందో ఎవరైనా టైపు చేసేదాకా గంట ఆగదు. బటన్ నొక్కి ఊరుకోవడానికి లేదు. ఆపరేటర్ తలకాయ వంచుకుని స్పీకర్‌లోని దూది తానే పీకాడు.

సోమవారం వంతు మళ్లీ పొద్దుటికి మారింది. తొమ్మిదింటికి సారు గది మధ్యలో నిలబడ్డాడు. నేను తడిబట్ట పట్టుకుని గడప దగ్గరున్నాను. బుగ్గ గుడ్డిగై, తేరుకున్నది. గంట మోగలేదు. సారుకు నమ్మకం కుదరలేదు. వంగి, తనే పెట్టె వైరు పీకి చూశాడు. చిన్నది మూడుసార్లు అడిగేదాకా ఏమీ లేదు. తర్వాత గది అదిరేటట్టు మోగింది. "వైరు పీకిన" అని ఆపరేటర్‌తో టైపు చేయించి, వైరు మళ్లీ పెట్టాడు.

లేచి, మోకాలికి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"వారం సంది ఈడ ఎవ్వరు తుడువలే" అన్నాడు, నా దిక్కు చూడకుండా. "దుమ్మెట్ల పేరుకున్నదో చూడు."

నేను లోపలికి పోయి, బల్ల కింద వైర్ల దగ్గర నుంచే తుడవడం మొదలుపెట్టాను.