సువార్త చల్లిన పొడి

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో ఎవరి వేలు తెగినా, అక్కడే పనిచేసే సువార్త దగ్గరికే పరుగెత్తేవారు. ఆమె వక్కాకు సంచిలో వక్కలు తక్కువ, చీము పట్టకుండా వాడే గొట్టం మాత్రలు ఎక్కువ. మాత్ర విప్పి, లోపలి పొడి గాయం మీద చల్లి, పాత చీర పేలికతో కట్టు కట్టేది. సలుపు పెడితే ఇంకో మాత్ర మింగించేది. తగ్గగానే మిగిలినవి సంచిలో దాచేది, ఇంకొకరికి పనికొస్తాయని. గాయమైందని మిషన్ ఆపితే యజమాని గుడ్లురిమేవాడు. మందులంగడి ఆసామి డాక్టరు చీటీ అడగకుండా మాత్రలిచ్చేవాడు. ఇద్దరూ పెద్దమనుషులే. తర్వాత జరిగినదానికి నింద మాత్రం సువార్త ఒక్కతే మోస్తోంది, ఆమెతోపాటే పనిచేసే నాకు అదే ఒళ్ళు మంట.

కూతురు జాయ్ కూడా అక్కడే పాలిష్ పట్టేది. ఒకరోజు బండ జారి, అంచు పాదంలో దిగింది. సువార్త ఎప్పటిలాగే పొడి చల్లింది. పైన పక్కు కట్టింది, లోపల చీము పట్టింది. ఇంకో రంగు మాత్ర విప్పింది, అది కాకపోతే మరొకటి. కాలు మోకాలిదాకా వాచి, పిల్ల జ్వరంలో పలవరిస్తుంటే అప్పుడు అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయింది.

ఏం మందులు వాడారని డాక్టరమ్మ అడిగింది. సువార్త కొంచెం గర్వంగానే సంచి విప్పి చూపించింది.

"ఏ మందుకూ తక్కువ చేయలేదు మేడం. అన్నీ ఏసినాను."

చీము పరీక్ష చేయించాక డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. "ఈ క్రిములు మందులకు అలవాటుపడిపోయాయమ్మా. మా దగ్గరున్న పెద్ద మందులకు కూడా లొంగడం లేదు."

"నేను సల్లినందుకేనా?"

"మీ ఒక్కరివల్లే అని చెప్పలేను. ఇలాంటివి ఆస్పత్రుల్లోనూ ఉన్నాయి, మురుగు కాలువల్లోనూ ఉన్నాయి. కానీ అరకొరగా వాడితే క్రిములు మొండికేస్తాయి."

మొదటి మాట సువార్త చెవికెక్కలేదు. చివరిదే ఎక్కింది.

కాలు తీసేశారు. అప్పటికే విషం నెత్తురులో కలిసింది. "అమ్మా, ఇంకొంచెం మందు సల్లు" అని అడుగుతూనే పోయింది జాయ్.

సువార్తకు మళ్ళీ పనిలోకి రాక తప్పలేదు. ఆ సంచి మాత్రం పారేసి వచ్చింది. మొన్న బండలు కోసే ఆంజి, నెత్తురు కారే చెయ్యి ఆమె ముందు చాపాడు.

"నా దగ్గర లేదప్పా. ఆస్పత్రికి పో. ఆ పొడి సల్లుకోవద్దు, నీకు దండం పెడతా."

"మిషన్ నిలిపి యాడికి పోయేదక్కా?" అంటూ ఆంజి అంగీ జేబులోంచి మాత్ర తీసి పంటితో విప్పాడు. "నువ్వు నేర్పిచ్చిందే గదా, నాకొచ్చులే."

రవ్వంత కూడా కింద పడకుండా చల్లుకున్నాడు, అచ్చం ఆమె చల్లినట్టే.